హితుడన నెవ్వడు? రాయల పెద్దనల మైత్రియు, మన సన్మానపత్రములును

పరుల తప్పు లెన్నబోవువాడు తన తప్పు ముందుగా చెప్పుకొనుట మర్యాద. గావున మొదట మా సంగతి మనవి చేసెదము.

రెండేండ్ల క్రిందట మా యిబ్రహీంపట్నమున నొక పెద్దమనిషికి సన్మానము జరిగినది. ఆయన యపుడొక యధికార పీఠముమీద నుండెను. షామియానా వేసిరి. బడిపిల్లలను రెండు వరుసలుగా ఎండలో నిలిపి, చేతులకు బంతిపూల రేకుల పళ్లెము లిచ్చిరి. శాలువ కప్పిరి. మా ప్రక్కయూరగు కొండపల్లి బొమ్మలలో పేరు మోసిన అంబారీ యేనుగును జ్ఞాపికగా నిచ్చిరి. సన్మానపత్రము వ్రాయు పని, తెలుగు పంతులము గావున, మా నెత్తిన బడినది. మేమును వ్రాసితిమి. సమాసములు కూర్చితిమి, ప్రాసలు పేర్చితిమి, తుదకు ఆయనను "అభినవ కృష్ణదేవరాయలు" అంటిమి. సభ చప్పట్లు కొట్టినది. ఆయన చిరునవ్వు నవ్వినాడు. మాకును లోలోపల కొంత సంతోషమే కలిగినది.

మరునాడు తొమ్మిదవ తరగతిలో రాయల కాలమునుగూర్చి పాఠము చెప్పుచుండగా ఒక బాలిక లేచి, "మాస్టారూ, నిన్న వచ్చినాయన ఏ పుస్తకం రాశారండీ?" అని యడిగినది. ఆ పిల్ల వేళాకోళమున కడుగలేదు. రాయలు ఆముక్తమాల్యద వ్రాసెనని మేమే అంతకు ముందు చెప్పియుంటిమి. రాయలతో పోల్చదగినవాడు మరొకడు వచ్చినపుడు ఆయన గ్రంథము పేరు తెలిసికొనవలయునని ఆమె తలచినది. మేము "కూర్చోవమ్మా" అని పాఠము సాగించితిమి. అది జవాబు గాదని ఆమెకును తెలియును, మాకును తెలియును. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబునే యిక్కడ వ్రాయుచున్నాము.

ఇది ఒక్క మా యూరి వింత కాదు. కార్తికమున గాని, ఉగాదికి గాని, ఒక భవనము తలుపు తెరచునపుడు గాని, తెలుగుదేశమున నే సభకు బోయినను ఒక అభినవ రాయలు వేదికమీద కూర్చుండి యుండును. ఆయన ప్రక్కన ఒక అభినవ పెద్దన కాగితము చేతబట్టి నిలిచియుండును. ఇదేమని యడిగినవారికి సిద్ధముగా నొక సమాధానము దొరకును: "పెద్దనయంతవాడు రాయలను పొగడలేదా? రాయలంతవాడు పెద్దన పల్లకి మోయలేదా? కవియు దొరయు చెలిమి చేయుట మన సంప్రదాయము." ఈ సమాధానమునకు ఎదురు చెప్పుటకే మేము కలము పట్టితిమి. రాయల పెద్దనల మైత్రి నిజముగా గొప్పది. కాని మనము దాని పైతొడుగును పట్టుకొని ప్రాణమును విడిచితిమి. ఆ పైతొడుగును చూపి నేడు జరుగుచున్న స్తోత్రపాఠము ఆ మైత్రికి వారసత్వము కాదు, అపచారము.

మొదట ఆ యిద్దరిలో దొర యెట్టివాడో చూతము. కృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వరకు విజయనగరమును పాలించినవాడు. చాలమంది ఆయనను సింహాసనముపై కూర్చుండి పద్యములు వినుచుండు రసికునిగానే యెరుగుదురు. ఆయన బ్రదుకులో చాల భాగము దండులో గడచినది. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసువాడు పేయిస్, రాయలు తెల్లవారకమున్నె నువ్వులనూనె త్రాగి, ఒంటికి రాచుకొని, బరువు లెత్తి, కత్తిసాము చేసి, కుస్తీపట్టి, గుఱ్ఱమెక్కి తిరుగుచుండెనని వ్రాసినాడు. అది యొక సేనాని దినచర్య. గజపతులపై దండెత్తి 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని పట్టుకొన్నవాడు ఆయనయే. ఆ వెనుక కృష్ణ దాటి మా కొండపల్లిని ముట్టడించినాడు. మా బడి వాకిట నిలిచి చూచిన కనబడు ఆ కొండమీదనే, ప్రతాపరుద్ర గజపతి భార్యలలో నొకతె పట్టువడినదని న్యూనిజ్ అను మరియొక పోర్చుగీసువాడు వ్రాసినాడు. 1516 నాటి సింహాచల శాసనము ఆ దండు ఎంతదూరము పోయినదో తెలుపుచున్నది.

ఇట్టి దండయాత్ర నడుమనే ఒక వింత జరిగినది. దానికి సాక్షి రాయల గ్రంథమే. కళింగమును జయింప బయలుదేరి వచ్చి విజయవాడలో కొన్నాళ్లు నిలిచి, అక్కడినుండి కృష్ణవెంట దిగువనున్న శ్రీకాకుళమునకు బోయి, ఏకాదశినాడుపవసించి నిద్రింపగా ఆంధ్రవిష్ణువు కలలో కనబడి తెలుగున నొక కావ్యము చెప్పుమని యానతిచ్చెనని ఆముక్తమాల్యద మొదటనే ఆయన చెప్పుకొన్నాడు. కల సంగతి నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. మాకు కావలసిన దింతే: ఒక సేనాని, దండు విడిసియున్న కాలమున, రాజ్యములు కాక కావ్యము కలగన్నానని చెప్పుకొనుటకు సిగ్గుపడలేదు. కన్న కలను గంటముతో తాటియాకుమీద తానే దింపినాడు. తెలుగు కావ్యములలో మిక్కిలి కఠినమైనవాటిలో అది యొకటి. దానిని వ్రాయుటకు ఎంత చదువు, ఎంత యోర్పు వలయునో, పాఠము చెప్పబోయి చెమటలు పట్టిన మా వంటివారికి బాగుగా తెలియును.

ఇక పెద్దన. మనుచరిత్రావతారికలో రాయలు సభలో పెద్దనను పిలిచి కావ్యము చెప్పుమని యడిగిన ఘట్టము కలదు. అందు రాయలు పెద్దనను సంబోధించు మాటలలో మొట్టమొదటిది "హితుడవు" అనునది. పాండిత్యము మాట, పురాణజ్ఞానము మాట, ఆంధ్రకవితాపితామహుడను బిరుదము మాట ఆ తరువాతనే. పిలిచినవాడు రాజు, పిలువబడినవాడు కవి; కాని పిలుపు చెలికాని పిలుపు.

హితుడన నెవ్వడు? ప్రియము పలుకువాడు హితుడు కాడు. మేలు కోరువాడు, మేలైనది చెప్పువాడు హితుడు. ఈ భేదమును సంస్కృతము చదివినవారు మొదటి సర్గలోనే నేర్చుకొందురు. కిరాతార్జునీయమున భారవి, శత్రువు బలమును చూచి వచ్చిన వనచరుని నోట ధర్మరాజుతో చెప్పించినది ఇదియే గదా: మేలైన మాట చెవికింపుగా నుండుట అరుదనియు, దొరకు మేలు చెప్పని చెలికాడును, చెప్పిన మేలు వినని దొరయు ఆ పేళ్లకు తగరనియు ఆ యడవిమనిషి ధైర్యముగా పలికినాడు. రాజు నెదుట నిలిచి ఈ మాట చెప్పుటకు ఒక వేగులవానికి నోరు వచ్చినది. సన్మానసభలో నిలిచిన పండితునకు రాదు!

రాయల పెద్దనల మైత్రినిగూర్చి లోకమున వ్యాపించిన కథలు చాటువులమీద ఆధారపడినవి. చాటువులు శాసనములు కావు. పద్యము పెద్దనదే యని ప్రమాణము చేయుట యెవరితరమును కాదు. అయినను లోకము ఏ కథను దాచుకొన్నదో దానిచేత లోకుల మనస్సు తెలియును. ఏ కథను మరచినదో దానిచేత ఇంకను బాగుగా తెలియును.

దాచుకొన్నవి మూడు. రాయలు ఏనుగుపై వచ్చుచు పెద్దన యెదురుకాగా ఏనుగు నాపి చేయూత యిచ్చి ఎక్కించుకొనుట ఒకటి. మనుచరిత్రను అంకితము గొనునాడు ఆ కవి పల్లకిని తన చేత పట్టి యెత్తుట రెండవది. సంస్కృతాంధ్రములు రెండింట సమానముగా కవిత చెప్పగలవాడు తొడుగుకొనుడని సభలో గండపెండేరము నుంచినపుడు, పెద్దన ఉత్పలమాలిక చెప్పి గెలువగా, రాయలే దానిని ఆయన కాలికి తొడుగుట మూడవది. నాటకములలో, వార్షికోత్సవములలో, పండితులు వేషములు కట్టి యాడు భువనవిజయములలో ఈ మూడే మరల మరల కనబడును.

మరచినవి కూడ మూడు కలవు. కవిత్వము చెప్పుమని యడిగినవారికి పెద్దన, అది ఊరక వచ్చునది కాదనియు, కలత లేని చోటును, తృప్తియైన భోజనమును, తప్పొప్పులెరిగిన వ్రాతగాండ్రును చదువరులును ఉన్నగాని సాగదనియు చెప్పెనట. ఇది మొదటిది. అడుగుట దొర వంతు కావచ్చును గాని పనికి వలయు హంగు లేవో నిర్ణయించుట పనివాని వంతని ఆయన భావము. రెండవది, రాయలు గతించిన పిమ్మట పెద్దన విలపించుట. ఏనుగు కథయు, పల్లకి కథయు మనకు వచ్చినది ఆ విలాపపద్యమునుండియే! అన్ని మేళ్లు చేసిన రాయలతోకూడ తానును పోలేక బ్రదికియుండి చచ్చినట్లున్నానని ఆ పద్యము ముగియును. మనము అందలి యేనుగును, పల్లకిని పెరికి తెచ్చుకొంటిమి; ఏడుపును అక్కడనే విడిచితిమి. మూడవది, రాయలు పోయెనని విని గజపతి మరల దండెత్తి రాగా వృద్ధుడగు పెద్దన ఆయనను పద్యములో కఠినముగా నిందించి సిగ్గుపరచెననియు, గజపతి వెనుదిరిగెననియు చెప్పుకొను కథ.

పాఠకులు ఈ రెండు చీటీలను ప్రక్కప్రక్కన నుంచి చూడవలయును. మనము దాచుకొన్న మూడింటను కవి పుచ్చుకొనుచున్నాడు. మరచిన మూడింటను కవి యిచ్చుచున్నాడు, లేదా నిలుచుచున్నాడు. పుచ్చుకొనుటను సంప్రదాయమని పట్టుకొని నిలుచుటను మరచిన జాతికి అభినవ పెద్దనలు పుట్టక మరెవరు పుట్టుదురు?

ఇందు విలాపము సంగతి మరికొంత విచారింపదగినది. చచ్చిన రాజు అగ్రహార మియ్యడు. అతని పొగడ్తకు బహుమానము లేదు. వెనుక వచ్చినవానికి కంటగింపు కావచ్చును కూడ. అట్టివేళ పలికిన పలుకే స్నేహమునకు సాక్ష్యము. ఈ కొలతబద్దతో మన సన్మానములను కొలిచి చూతము. మేము పత్రము వ్రాసిన పెద్దమనిషి కిందటేడు ఆ పీఠమునుండి దిగినాడు. ఆయన మా యూరిమీదుగా పోవుచు టీ దుకాణము వద్ద ఆగినపుడు, ఆనాడు ముందువరుసలో చప్పట్లు కొట్టినవా రిద్దరు మొగము త్రిప్పుకొని నడచిపోవుట మేము కన్నులార చూచితిమి. పలుకరింతునా మానుదునా యని మేమును ఒక నిమిషము సందేహించితిమి. ఆ నిమిషమే మాకు గుణపాఠము. మేము పొగడినది మనిషిని కాదు, కుర్చీని. కుర్చీకి హితులుండరు.

మరియొక కొలతబద్ద కలదు. రాయలకును పెద్దనకును నడుమ ఒక సమానమైన పని యుండెను. ఇరువురును గంటము పట్టినవారు; ఇరువురును ఒక పద్యము కుదురక రాత్రులు మేలుకొన్నవారై యుందురు. ఆ పని కష్టము తెలిసినవాడు గనుకనే ఆ దొర ఆ కవికి చేయి యిచ్చినాడు. ఆ చేయూతలో దయకంటె గుర్తింపు హెచ్చు: నేత తెలిసినవాడు మంచి నేతను చూచి చేతులు జోడించుట వంటిది. పద్యము ముఖమెరుగని యధికారి కవికి శాలువ కప్పినను, కవి ఆ యధికారిని రాయలన్నను, అది ఇచ్చిపుచ్చుకొను బేరమే యగును. "ఏ పుస్తకం రాశారండీ?" యని బాలిక యడిగినది సరిగా ఈ కొలతబద్దయే. ఆమెకు తెలియకయే శాస్త్రము మాటలాడినది.

ఇంతవరకు ఆ మైత్రి గొప్పదనమును చెప్పితిమి. ఇక దాని లోపమునుకూడ చెప్పకున్న మేమును స్తోత్రపాఠకులమే యగుదుము. మనుచరిత్రావతారికలో రాయల ప్రతాపమును నిప్పుగా వర్ణించు పద్యమొకటి యున్నది. ఉదయాద్రి రాతికి కత్తి తాకి పుట్టిన ఆ నిప్పు కొండవీటి కెక్కి, జమ్మిలోయ నంటి, గౌతమిని కాచి, పొట్నూరున రగిలి, ఒడ్డాదిని మసిచేసి కటకముదాక పోయినదని దాని తాత్పర్యము. రూపకము నిర్దుష్టము, ధార అద్భుతము. మేము ఇరువదేండ్లుగా ఆ యందమును పిల్లలకు విప్పి చెప్పుచున్నాము. కాని అవి యన్నియు ఊళ్లు. ఆ నిప్పు యెవరి యిండ్ల కంటుకొన్నదని పద్యము చెప్పదు, పంతులును చెప్పడు.

పట్టుకొన్న కోటల సంగతి యేమైనదో కూడ చూడుడు. తరువాత సంధి కుదిరినపుడు గజపతి తన కుమార్తెను రాయలకిచ్చినాడు. రాయలు కృష్ణకుత్తరపు భూములను గజపతికి తిరిగి యిచ్చినాడు. మా కొండపల్లి కృష్ణకుత్తరముననే యున్నది. ఎందరు ప్రాణములిచ్చి పట్టిన కోట యో, ఒక సంతకముతో, ఒక కన్యాదానముతో పాత దొరకే చేరినది. ఆ కన్య యిష్టము నెవరు నడుగలేదు. పట్టువడిన రాణి తలపును ఏ కవియు వ్రాయలేదు. విజయమును పద్యములో చదివినవారికి దాని ధర తెలియలేదు. ఆ ధరను దొర చెవిని వేయదగినవాడు హితుడొక్కడే. పెద్దన రహస్యముగా వేసెనేమో మన మెరుగము. కావ్యములో మాత్రము వేయలేదు.

ఆ కాలమున అట్లు వ్రాయుట సాధ్యమా యని కొంద రడుగవచ్చును. సాధ్యమే యనుటకు దూరదేశమున నొక సాక్ష్యము కలదు. పాలిబియస్ అను గ్రీకు చరిత్రకారుడు రోమునకు బందీగా వచ్చి, స్కిపియో యను యువకునకు మిత్రుడును గురువును అయినాడు. ఆ స్కిపియో పెరిగి సేనానియై క్రీ. పూ. 146లో కార్థేజి నగరమును నేలమట్టము చేసినపుడు పాలిబియస్ ఆయన ప్రక్కనే యుండెను. మండుచున్న పట్టణమును చూచి గెలిచిన సేనాని కంట తడిపెట్టి, తన రోమునకును ఒకనా డీ గతి పట్టునేమో యని మిత్రునితో చెప్పుకొన్నాడట. మిత్రుడు ఆ కన్నీటిని దాచలేదు, వ్రాసినాడు. తన్మూలమున స్కిపియో కీర్తి తగ్గలేదు. కార్థేజిని కాల్చిన సేనానిగా ఆయనను తలచినవారు ఆ కన్నీటిని గూడ తలచుచునే యున్నారు. అక్కడను నిప్పే, ఇక్కడను నిప్పే. ఒక మిత్రుడు దానిలో ప్రతాపము చూచినాడు. ఒక మిత్రుడు దానిలో మిత్రుని మనస్సు చూచినాడు.

ఇంకొక వింత. పెద్దన చెప్పని కఠినసత్యమును రాయలు తానే చెప్పినాడు. ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టమును మన భువనవిజయములవా రొక్కరును చదివి వినిపింపరు. బాధలకోర్వలేక రైతులు ఊరు విడిచిపోగా వారిని పిలిచి నిలుపుకొనుటకు మారుగా, వారి పశువుల నమ్ముడు, ధాన్యము నమ్ముడు, ఇండ్లు వంటచెరకునకు పనికివచ్చుననెడి యధికారిని రాయలు యుద్ధభూమిలో తిరుగు నక్కతో పోల్చినాడు. అట్టివానిని కొలువుననుంచిన రాజునకు ఏడు దీవులు చేతికి వచ్చినను సుఖము లేదని చెప్పినాడు. ఇది ప్రతిపక్షమువాడు వ్రాసిన కరపత్రము కాదు. సింహాసనముమీద నున్నవాడు, తన యధికారులనుగూర్చి తానే వ్రాసిన కావ్యము. అభినవ రాయలని పిలిపించుకొన కోరువారు మొదట ఈ పద్యమును కంఠస్థము చేసి, సభలో అప్పగించి, పిదప శాలువ కప్పించుకొందురు గాక! మే మప్పుడు పత్రము మరల వ్రాసెదము, కూలి యడుగము.

మా వాదమునకు మూడాక్షేపణలు వినవచ్చుచున్నవి. వానికి సమాధానము చెప్పుట న్యాయము.

మొదటిది: "ఇవి మర్యాదకు చెప్పు మాటలు. ఎవరును నిజమని నమ్మరు. ఏల యింత యల్లరి?" ఎవరును నమ్మని మాటను పదిమందిలో పలుకుట మర్యాద యెట్లగునో మాకు తెలియదు. అదియట్లుండ, నమ్మువా రున్నారు. రెండు వరుసలలో ఎండకు నిలిచిన పిల్లలు నమ్ముదురు. నమ్మి, ప్రశ్న వేయుదురు. జవాబు రాకున్న మాటలకు విలువ లేదని నేర్చుకొందురు. రేపు వారు బడిలో మేము చెప్పు సత్యమునుకూడ అట్లే వినెదరు. చెల్లని నాణెమును సంతలో విడిచినవాడు మంచి నాణెమునకు గూడ చెరుపు చేసినవాడగును.

రెండవది: "ఆదరణ లేక సాహిత్యము బ్రదుకదు. పెద్దనకు కోకట మొదలగు అగ్రహారము లిచ్చిరి గనుకనే మనుచరిత్ర పుట్టినది." నిజమే. కాని ఆ యగ్రహారము లిచ్చినది రాజు. రాజ్యము రాజు సొత్తని యెంచిన కాల మది. నేడు పుస్తకమునకు బహుమానమిచ్చినను, గ్రంథాలయమునకు ప్రతులు కొన్నను, ఆ ధనము వేదికమీది పెద్దమనిషి యింటినుండి రాలేదు. మన యింటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నును ప్రతియేట చెల్లించువారు మీరు, మేము. మన సొమ్మును మనకే తిరిగి యిచ్చినందులకు పొర్లుదండములు పెట్టనేల? నేటి కవికి రాయలు గృహస్థుడు. పుస్తకము కొని చదివి, బాగున్న బాగున్నదని, లేకున్న లేదని చెప్పు పాఠకుడు. ఆయన ముందు తలవంచుట కవికి తప్పు గాదు.

మూడవది: "ఆనాటి కవికి వేరు గతి లేదు, పెద్దనను నేటి కొలతలతో కొలువరాదు." పెద్దనకు ఇన్నూరేండ్లకు పైగా పూర్వమే పుట్టిన తిక్కనతో కొలిచి చూతము. నెల్లూరు నేలిన మనుమసిద్ధి తిక్కనను మామా యని పిలిచి కృతి యడిగినాడు. తిక్కన నిర్వచనోత్తర రామాయణము నాయన కంకితమిచ్చినాడు. అది చెలిమి. తరువాత తన జీవితకార్యమగు భారతమును పూనినపుడు దానిని ఏ రాజునకును ఇయ్యలేదు, హరిహరనాథున కిచ్చినాడు. చెలిమి తెగెనా? లేదు. మనుమసిద్ధి దాయాదులచేత రాజ్యము పోగొట్టుకొన్నపుడు ఓరుగంటికి బోయి గణపతిదేవుని మెప్పించి సహాయము తెచ్చినవాడు ఈ తిక్కనయే యని సిద్ధేశ్వర చరిత్రము చెప్పుచున్నది. కుర్చీ పోయిన చెలికానికొరకు నడిచిపోయినవాడు, కుర్చీలో నున్న చెలికానికి తన భారతము నియ్యనివాడు, ఇరువురును ఒక్కరే. హితుడన ఇట్టివాడు గదా! వేరు గతి యుండెననుటకు ఇంతకంటె వేరు నిదర్శనము వలదు.

విమర్శించి యూరకుండుట మా పత్రిక చదువరులకు తృప్తి నియ్యదు. గావున చేయదగిన పనులను మనవి చేయుచున్నాము. బడిపిల్లలను ఏ యధికారి రాకకును ఎండలో వరుసగా నిలుపరాదు. తలిదండ్రులు పంతుళ్లతో ఈ మాట గట్టిగా చెప్పవలయును, పంతుళ్లకును అది మేలే. ఒకరు నిజముగా ఊరికి ఉపకారము చేసియుండిన, చేసిన పనిని పేరుపెట్టి రెండు వాక్యములలో చెప్పి కృతజ్ఞత తెలుపవలయును. చెరువు పూడిక తీయించినవానిని చెరువు పూడిక తీయించినవాడనుటకంటె గొప్ప బిరుదము లేదు. పదవి దిగినవారిని కూడ ఆ పనికొరకే పిలిచి కూర్చుండబెట్టవలయును. అప్పుడు గాని మన కృతజ్ఞత కుర్చీకి గాదని తెలియదు. భువనవిజయ మాడువారు పల్లకిని చూపినపుడు విలాపమునుకూడ చూపవలయును. గండపెండేరముతోపాటు నక్క పద్యమునుకూడ వినిపింపవలయును. ఇంటిలో పిల్లలకు రాయల కథ చెప్పు తల్లులును తాతలును కొండపల్లిలో పట్టువడిన రాణి మాట గూడ ఒక్క వాక్యముగా చేర్చవలయును. కథ చెడదు, పిల్లలు మాత్రము ఇంకొక ప్రశ్న వేయుదురు.

మా బడి యద్దాల బీరువాలో ఆనాటి జ్ఞాపికలలో మిగిలిపోయిన అంబారీ యేనుగొకటి నేటికిని ఉన్నది. తెల్లపొణికి కఱ్ఱతో చెక్కిన చక్కని బొమ్మ. అంబారీలో రాజు కూర్చుండియున్నాడు. పనివారు దానిని వందలేండ్లుగా అట్లే చెక్కుచున్నారు. వారి తప్పేమియు లేదు. ఆ రాజు చేయిచాచి ఎక్కించుకొనదగినవాడు క్రింద నిలిచియున్నాడో లేడో చూచుకొనుట మన పని.

ఆ బాలిక యిప్పుడు మా బడి విడిచి పైతరగతికి బోయినది. కిందటి నెల బజారులో కనబడగా నిలిపి, "అమ్మాయీ, ఆనాడు నీ వడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఆయన ఏ పుస్తకమును వ్రాయలేదు. నేను వ్రాసినది అబద్ధము" అని చెప్పితిమి. ఆమె నవ్వి, "నాకు అప్పుడే తెలుసు మాస్టారూ" అన్నది. మాకు సిగ్గైనది. అయినను ఆమె యెదుట తలవంచుకొన్న ఆ సిగ్గు, ఆనాటి చప్పట్లవలన కలిగిన సంతోషముకంటె మేలైనదని నేటికి తోచుచున్నది.